వినగా వినగా చెవికెక్కే గొంతులు

మొదటిసారి వినంగానే మనసుకు పట్టే గొంతులు కొన్ని ఉంటాయి. పదేళ్లో ఇరవై ఏళ్లో చెవిలో ఊరికే పడి ఉండి, ఒకరోజు లేచి కూర్చునే గొంతులు ఇంకొన్ని. మొదటి రకానికి మన సాయం ఏమీ అక్కర లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని మా బాగేపల్లి పిల్లోళ్లకు ఎవరూ పరిచయం చెయ్యలేదు. తెలుగు సినిమాకు పోతే ఆయనే, కన్నడం సినిమాకు పోతే ఆయనే, గణేశుడి పందిట్లో మైకు కడితే ఆయనే. మా దిగులంతా రెండో రకం వాళ్ల గురించి. వాళ్లకు ఈ పొద్దు అభిమానులు లేకపోయినా ఫరవాలేదు. కాని ఈ పొద్దు పదేళ్లుండే పిల్లోళ్ల చెవిలో వాళ్ల పాట ఏదో ఒక మూల పడి ఉండాల. అట్ల పడి ఉండేదానికి మన ఇండ్లలో చోటు తగ్గిపోతా ఉంది. బెంగళూరులో ఉండేవాళ్లకైనా, హోసూరులో, బళ్ళారిలో, ఇంకా దూరం పోయి స్థిరపడిన మన బంధువులకైనా ఇది ఒకే సంగతి అనుకుంటాము.

వేమన వేపాకు పద్యం మనలో అందరికీ వచ్చు. ఆ పద్యంలో వేము కంటే ముందు వచ్చేది రాగం అనేది మాత్రం చానామందికి గుర్తుండదు. పాట మళ్లీ మళ్లీ నోట పడితేనే దానికి కళ అని ముందు చెప్పి, చేదు సంగతి తరువాత చెప్పినాడాయన. ఆయన సమాధి ఉండే కటారుపల్లి కదిరి పక్కన, అంటే మాకు పరాయి ఊరేమీ కాదు. పద్యం నిజమే. కాని ఆ వేపాకు రోజూ నోట్లో పెట్టేవాళ్లు ఒకరు ఉండాల కదా. తనంతట తాను ఎవడు తింటాడు?

మా సీమలో ఈ మాటకు మొదటి సాక్షి కైవారం తాతయ్య. కైవారం చింతామణి తాలూకాలో ఉంది. పుస్తకాల్లో యోగి నారేయణ అని రాస్తారు, మా అవ్వలకు మాత్రం తాతయ్యే. 1726లో పుట్టి 1836లో సమాధి అయినారని, నూటపదేళ్లు బతికినారని భక్తుల లెక్క. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరు తిరిగినవాడు, తరువాత కొండ గవిలో కూర్చుని యోగి అయినాడని కథ. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, తత్వాలు కట్టి, కడపట అమరనారేయణుడి పేరు ముద్రగా పెట్టినారు. కాలజ్ఞానమూ చెప్పినారు. ఆయనను భక్తి ఖాతాలో వేసి, పటానికి పూలు పెట్టి ఊరుకునేది మాకు సమ్మతం లేదు. ఆయన పాట కట్టినవాడు. రెండు వందల ఏళ్లుగా చదువు రానివాళ్లు కూడా పుస్తకం చూడకుండా పాడగలిగేటట్లు కట్టినవాడు. ఆంధ్రం వైపు వాళ్లకు ఆయన కర్ణాటకం మనిషి, కన్నడం వైపు వాళ్లకు ఆయన తెలుగు పాటల మనిషి. ఇద్దరి మధ్యా ఆయనను మోసింది మా ఊర్ల భజన గుంపులే.

ఆ తత్వాలు పిల్లోళ్లకు నచ్చవు. నచ్చేదానికి అందులో ఏముంది? ఒకటే వరస అన్ని చరణాలకూ తిరుగుతుంది. తంబూర, చిడతలు, హార్మోనియం, డోలక్కు, అంతే. మాటలన్నీ శరీరం గురించి, ఊపిరి గురించి, గురువు గురించి, పోయే ప్రాణం గురించి. ఎనిమిదేళ్ల వాడికి పోయే ప్రాణంతో పనేముంది? శనివారం రాత్రి భజన గుడిలో మా పని ప్రసాదం వచ్చేదాకా మేలుకొని ఉండేది, అంతకు మించి లేదు.

ఆ వరస మాకు పట్టుబడింది ఇంట్లో ఒక పెద్దాయన పోయిన రాత్రి. తెల్లవార్లూ శవం దగ్గర భజన జరిగింది. పాడినవాళ్లు పట్టుపురుగులు మేపేవాళ్లు, డెయిరీకి పాలు పోసేవాళ్లు, ఒక టైలరు. ముందుండి పాడే ఆయన ఎక్కడా తొందరపడలేదు. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా ఒక పిసరు తగ్గించి ఎత్తుకుంటాడు, వెనక గుంపు అందుకుంటుంది. రెండు గంటలకో మూడు గంటలకో ఆడవాళ్ల ఏడుపు కూడా ఆ నడకలోనే పడింది. ఒకటే వరస ఎందుకు తిరుగుతుందో అప్పుడు అర్థమయింది. ఏడ్చేవాళ్లకు కొత్త వరస పట్టుకునే శక్తి ఉండదు. తెలిసిన దారి అయితే కండ్లు మూసుకుని కూడా నడవచ్చు. మాటలన్నీ అప్పటికే మాకు వచ్చు, ఎప్పుడు వచ్చినాయో తెలియదు. కూర్చోబెట్టి నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ప్రసాదం కోసం మేలుకున్న రాత్రులే నేర్పినాయి.

(మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఒకటే మెట్లు వందసార్లు ఎక్కి దిగే పని. నూట ఒకటోసారి కనిపించేది మొదటిసారి కూడా అక్కడే ఉండి ఉంటుంది. ఈ పని చేసేవాళ్లకు తత్వం ఎందుకు తిరుగుతుందో కొంచెం తొందరగా అర్థం కావచ్చు.)

ఇక్కడ లిపి సంగతి ఒకటి చెప్పాల. మాలాగా కన్నడం మీడియంలో చదివినవాళ్లు తాతయ్య తెలుగును కన్నడం అక్షరాల్లోనే చదివినాము. పుస్తకాలు అట్లనే అచ్చయినాయి, ఇంటి నోటుపుస్తకాలూ అట్లనే రాసుకున్నారు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు కాబట్టి దాదాపు ఏదీ నష్టం కాదు. కాని చావు, చూపు, చాలు అనే మాటలు చూడండి. తెలుగు నోట్లో ఆ చ పండ్లకు తగిలి వస్తుంది. కన్నడంలో ఆ పలుకే లేదు, కాబట్టి పుస్తకం చూసి పాడే బెంగళూరు పిల్లోళ్లు ఆ చను కన్నడం చగా పలుకుతారు. తప్పు వాళ్లది కాదు, అక్షరం అంతవరకే చెప్పగలదు. మిగిలింది గొంతు చెప్పాల. అందుకే నోటుపుస్తకాలు స్కాన్ చేసి పెట్టుకుంటే పని అయిపోయింది అనేవాళ్లతో మాకు తకరారు ఉంది. పాడేవాళ్ల గొంతు లేకుండా ఆ పుస్తకం సగమే.

ఘంటసాల గారి భగవద్గీతది ఇంకో కథ. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయే ముందు రికార్డు చేసి పెట్టిపోయినది అది. మా వైపు ఊర్లలో అది ఎక్కడ మోగితే అక్కడ ఎవరో పోయినట్లు లెక్క. పొద్దున్నే మైకులో ఆ గొంతు వినపడితే మా అవ్వ చేతిలో పని ఆపి, ‘ఎవురో చూసి రాపోరా’ అనేది. అంత పెద్ద గాయకుడిని సావు ఇంటికి కాపలా పెట్టినారు మన జనం. అది ఆయనకు అన్యాయం అని మా అభిప్రాయం. చిన్నప్పుడు ఆ గొంతు అంటే భయం ఉండేది. ముప్పై దాటినాక ఒక మామూలు ఆదివారం, ఎవరూ పోని రోజు, పూర్తిగా విని చూడండి. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య గొంతు ఎట్ల మారుతుందో, తాత్పర్యం చెప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా, పక్కింటి పెద్దమనిషి మాదిరి మాట్లాడతాడో గమనించండి. సినిమా పాటలతో ఊరంతా కొలిచిన మనిషి అక్కడ ఏమీ చూపించుకోడు.

పి.బి. శ్రీనివాస్ గారి సంగతి మాలాంటి రెండు భాషల వాళ్లకే పూర్తిగా తెలుస్తుంది అనుకుంటాము. కన్నడం స్కూల్లో మాకు ఆయన రాజ్‌కుమార్ గొంతు, అంటే అచ్చ కన్నడిగుడు. తాను శరీరం, ఆయన శారీరం అని రాజ్‌కుమార్ చెప్పుకునేవారన్నది కన్నడనాడు అంతా తెలిసిన మాట. పి.బి.ఎస్. 1930లో కాకినాడలో పుట్టిన తెలుగాయన అని మేము కాలేజీకి వచ్చినాక తెలిసింది. తెలిసిన రోజు కొంచెం గర్వం కలిగింది, దాన్ని దాచేదేముంది. కాని ఆ గర్వం వేరు, పాట నచ్చేది వేరు. మా వయసు వాళ్లం పెరిగేటప్పటికి రాజ్‌కుమార్ తానే పాడుకునే కాలం నడిచిపోయింది. 1974లో ‘సంపత్తిగె సవాల్’ తరువాత ఆ గాలి తిరిగింది. ఆ నిండు గొంతు ముందర పి.బి.ఎస్. గొంతు మాకు పలచగా, నిద్ర వచ్చేటట్లు ఉండేది. ఎత్తుకు పోడు, అరవడు, కింది స్థాయిలోనే తిరుగుతాడు. ఇప్పుడు రాత్రి పదింటికి పని ముగించుకుని వచ్చినాక మాకు కావలసింది ఆ కింది స్థాయే. మద్రాసు వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్‌ఇన్‌లో జేబు నిండా రంగురంగుల పెన్నులు పెట్టుకుని, ఇన్ని భాషల్లో పద్యాలు రాసుకుంటూ కూర్చునేవారట. 2013లో పోయినారు. ఆ మనిషిని ఆ జేబుతో సహా ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

నచ్చేది ఆలస్యం అయ్యేది చెవి వల్లనే కాదు. ఎవరిని కళాకారుడు అంటాము అనేదాని వల్ల కూడా. 2023లో చిక్కబళ్ళాపురం జిల్లా పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప గారికి తమటె వాయించినందుకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త వచ్చినాక మన వాట్సాప్ గుంపుల్లో చానామంది ‘మన జిల్లా, మన జిల్లా’ అని పెట్టినారు. సంతోషమే. కాని తమటె మన ఊర్లలో ప్రతి జాతరలో, ప్రతి పాడె ముందర మోగింది. మోగించినవాళ్లు ఊరి బయట ఉండేవాళ్లు కాబట్టి దాన్ని సంగీతం అని ఎవరూ పిలవలేదు, చప్పుడు అన్నారు. అందులో ఎన్ని నడకలు ఉన్నాయో, దేవుడి ముందు ఒకటి, పీనుగ ముందు ఒకటి ఎట్ల వాయిస్తారో విని చెప్పగలిగిన పెద్దలు మన ఇండ్లలో తక్కువ. దిల్లీ నుంచి సర్టిఫికెట్ వచ్చినాక పుట్టే అభిమానం ఎంతకాలం ఉంటుందో చూడాల. జాతరలో దగ్గరికి పోయి నిలబడి వినేవాళ్లు ఎంతమంది పెరిగినారు అనేదే మాకు కావలసిన లెక్క.

ఊరి నాటకాల పద్యాలూ ఇదే వరసలో చెప్పాల, కాని అది వేరే వ్యాసం అంత ఉంది. హార్మోనియం మాస్టరు నెలల తరబడి ఊర్లో ఉండి రైతులకు కురుక్షేత్రం నేర్పేది, కృష్ణుడి వేషగాడు ఒక్క పద్యాన్ని పావుగంట లాగేది, మేము చాప మీద నిద్రపోయేది. ఆ రాగం ఇప్పుడు యూట్యూబులో వెతుక్కుని వింటున్నాము.

మన ఇండ్లలో జరిగేది చూడండి. ప్రతి పిల్లకూ ఒక ఫోను, చెవిలో ఒక ఇయర్‌ఫోను. పది సెకండ్లలో దాటేస్తే అట్లాంటి పాట ఆ యాప్ మళ్లీ తెచ్చి పెట్టదు, నచ్చలేదని నేర్చుకుంటుంది. మా చిన్నప్పుడు దాటేసే బటను లేదు. బస్సులో డ్రైవరు పెట్టింది వినాల, ఇంట్లో నాయన రేడియో వినాల, ఊర్లో గుడి మైకు వినాల. అది స్వతంత్రం కాదు, నిజమే. కాని నచ్చని పాట కూడా చెవిలో చోటు పట్టుకునేది అట్లనే. యాప్ చేతిలో పెరిగిన పిల్లకు ఈ పొద్దు నచ్చేవే దొరుకుతాయి, ముప్పై ఐదేళ్లకు నచ్చేవి దొరకవు.

దీనికి మందు సంగీతం క్లాసు అని కొందరు బంధువుల అభిప్రాయం. క్లాసులు మంచివే, పోయేవాళ్లు పోనీ. కాని పరీక్ష పెట్టి మార్కులు వేసే చోట తాతయ్య తత్వం కూడా ఇంకో సిలబసు అవుతుంది. ఇంకొందరు తత్వాలకు కీబోర్డు, డ్రమ్ము కలిపి ముప్పై సెకండ్ల రీలు చేస్తే పిల్లోళ్లు వింటారు అంటారు. వింటారు, మరుసటి రోజు మరిచిపోతారు. తిరిగి తిరిగి వచ్చేదాంట్లోనే ఆ పాట బలం ఉంటే, ముప్పై సెకండ్లలో అది తిరిగేది ఎప్పుడు?

మేము అడిగేది చిన్నది. ఇంట్లో ఒక స్పీకరు అందరికీ వినపడేటట్లు పెట్టండి. ఆదివారం పొద్దున వంట అయ్యేదాకా మీకు నచ్చింది మోగనీండి. పిల్లోళ్లు వచ్చి కూర్చోవాల అనొద్దు, ‘ఎంత బాగుందో చూడు’ అని అసలు అనొద్దు. మొహం చిట్లించుకోనీండి, తలుపు వేసుకోనీండి. పెద్దవాళ్ల ఇష్టం పిల్లల మీద రుద్దేది కాదా అని మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. రుద్దేది వేరు, ఇంట్లో ఒక వాసన ఉండేది వేరు. తిరగమోత వాసన నచ్చలేదని ఎవరూ తిరగమోత ఆపరు కదా.

గురుపూర్ణిమకు కైవారంలో మూడు పగళ్లు, మూడు రాత్రులు సంగీతోత్సవం జరుగుతుంది. పేరున్న విద్వాంసులు వస్తారు, వాళ్లను వినేదానికి కార్లు వరస కడతాయి. వీలైతే ఆ గంట వదిలి నడిరాత్రి పొండి. ఊర్ల నుంచి వచ్చిన భజన గుంపులు పాడే గంట అది. పిల్లోళ్లు పందిట్లో నిద్రపోతే పోనీండి, మేమూ అట్లనే పోయినాము.

ఇంకొక మాట. చింతామణి వైపు మన పెద్దల ఇంట్లో తత్వాల నోటుపుస్తకం ఇంకోటి ఉందని, అట్టకు నీలం గుడ్డ అంటించి ఉంటుందని విన్నాము. ఎవరి దగ్గర ఉందో చెప్పండి. పుస్తకం మాకు ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉండనీండి. దాన్ని చూసి పాడగలిగిన అవ్వో తాతో ఇంట్లో ఉంటే, ఫోనులో రికార్డు చేసి పంపండి. మధ్యలో దగ్గు వచ్చినా, కుక్కరు విజిల్ వేసినా కత్తిరించొద్దు. చ పలికేటప్పుడు మాత్రం ఫోను కొంచెం దగ్గర పెట్టండి.