ఎత్తెక్కిన జీపు, చాలని బ్రేకు
జీపునకు పెద్ద టైర్లు తొడిగించి, స్ప్రింగులు మార్పించి పైకెత్తించిన పిమ్మట, బ్రేకు చాలుట లేదని వాపోవుచు వెంటనే ప్యాడ్లను, మాస్టర్ సిలిండరును మార్పించుటకు ఉద్యుక్తులగువారిని చూచిన నాకు మిక్కిలి ఖేదము కలుగును. ఏలయన, 29 అంగుళముల చక్రమునకు మాఱుగా 33 అంగుళములది అమర్చినచో, పెడలును మునుపటి బలముతోనే త్రొక్కినను, నేలపై నిరోధబలము ఇంచుమించు నూటికి 12 పాళ్లు తగ్గుననుట కేవల గణితము. అంతకంటె నిగూఢమైనది, కొన్ని బళ్లలో వెనుక ఇరుసునకు కడ్డీతో ముడిపడి, బరువును బట్టి బ్రేకు నూనె పీడనమును నియమించు వాల్వు: బండి లేచినంతనే అది వెనుక బరువు లేదని భ్రమించి వెనుక చక్రములకు పీడనమును కుదించివేయును. ఆ కడ్డీని క్రొత్త యెత్తునకు సరిదిద్దక, గొట్టములలో చిక్కిన గాలిని తీయింపక, పిల్లలను కూర్చుండబెట్టుకొని శ్రీశైలము ఘాట్ రోడ్డు దిగుటకు నేనెన్నడును సమ్మతింపజాలను.