పృథ్వి పెరుగుచున్నదా?

విస్తరించినది గనుక పృథ్వి అని నిరుక్తము. దీనిని ఆధారముగా గొని, భూగోళము నేటికిని ఉబ్బుచున్నదని కొందరు ప్రవచించుట సమంజసము కాదు. ఆ పదము వైశాల్యమును తెలుపును, వృద్ధిని కాదు. ఋషివాక్యమునకు లేని అర్థమును అంటగట్టుట భక్తి యెట్లగును?

భూగర్భమున ద్రవలోహము మెల్లగా ఘనీభవించుచున్నది. ప్రావారశిలలు అతిమందముగా చలించుచున్నవి. అయినను వీనివలన ద్రవ్యరాశి ఎచటికిని పోలేదు, ఎచటినుండియు రాలేదు. అది మారక వ్యాసార్ధము మాత్రమే నూటికొక వంతు పెరిగినచో, ఉపరితలమున గురుత్వాకర్షణము నూటికి సుమారు రెండు వంతులు తగ్గును. ఉపగ్రహాది సాధనములతో కొలిచి నాసా శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన మార్పు ఏటికి సగటున 0.1 మిల్లీమీటరు, అనగా కేశమాత్రము. అదియు గణనీయము కాదని వారే తేల్చిరి. నిజమేయనుకొన్నను, 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధము ఆ ఒక్క వంతు పెరుగుటకు రెండు మన్వంతరములకు మించిన కాలము పట్టును.