దేహం లేబుల్ చదవదు

ఈ నెల నా బల్ల మీద రెండు రచనలున్నాయి. మొదటిది విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే వైద్యుడు 1839లో కలకత్తాలో గంజాయి ఔషధగుణాల మీద ప్రకటించిన వ్యాసం. రెండవది ఒక మిత్రుడి ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్న చిన్న గాజుసీసా మీది లేబుల్. లేబుల్‌ను సమీక్షించడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. కానీ ఈ దేశంలో మనవాళ్లు చదివి, నమ్మి, వెంటనే ఆచరణలో పెట్టే గద్యం ఏదైనా ఉంటే అది ఇదే. 180 ఏళ్లు దాటిన ఆ వ్యాసంతో పోలిస్తే ఈ లేబుల్ ఎంత నిజాయితీ లేని రచనో, ఆ లోపానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఆ సీసా కథ. మిత్రుడి తల్లిగారు వేసవి గడపడానికి గుంటూరు జిల్లా నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నందువల్ల ఏళ్ల తరబడి వార్ఫరిన్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందని ఎవరో చెప్పగా కొడుకు సీబీడీ చుక్కల సీసా కొన్నాడు. లేబుల్ మీద పచ్చని ఆకు బొమ్మ, దాని కింద 'సహజం', 'హెంప్ నుంచి తీసినది' అన్న మాటలు. మొదట రోజుకు ఒక డ్రాపర్. గుణం కనబడకపోయేసరికి మూడు, నాలుగు. మూడో వారంలో చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. పరీక్ష చేయిస్తే రక్తం గడ్డకట్టే వేగం ఉండవలసిన హద్దు దాటి బాగా మందగించింది.

"ఇంకేమైనా మందులు వేసుకుంటున్నారా అమ్మా?" అని నేను అడిగితే, "లేదు బాబూ" అన్నారు. ఆవిడ అబద్ధమాడలేదు. కొడుకు ఆవిడకు చెప్పింది "జనపనార నూనెమ్మా, మందు కాదు" అని. జనుము ఆవిడ ఎరగని పైరా? మాగాణిలో వరి తరువాత మేతకు చల్లే పైరు. "జనుము మేసి గేదెలే బాగున్నాయి, నాకేమవుతుంది?" అనుకున్నారట. అదృష్టవశాత్తు కోలుకున్నారు. కాని ఆ నమ్మకంలోని తప్పు ఆవిడది కాదు. కొడుకుది కూడా పూర్తిగా కాదు. అది ఒక మాట చేసిన మోసం.

ఆ మాట 'హెంప్'. నార ఇచ్చే మొక్క కనబడినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు దాన్ని హెంప్ అనేశారు. మన జనుము వాళ్లకు 'సన్ హెంప్' అయింది, గోగు 'దక్కన్ హెంప్' అయింది. జనుము చిక్కుడు కుటుంబానికి చెందినది. గోగు మన గోంగూరకు చుట్టం. వీటికీ గంజాయి మొక్కకూ ఏ సంబంధమూ లేదు. అమెరికా దుకాణంలోని హెంప్ మాత్రం అచ్చంగా కెనాబిస్ సటైవా, అంటే గంజాయి మొక్కే. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో గంజాయి, చరస్, భంగుల మీద విచారణకు వేసిన సంఘం పేరే 'ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్'. ఆనాడు హెంప్ అంటే గంజాయి. 2018 నాటి అమెరికా వ్యవసాయ చట్టంలో హెంప్ అంటే గంజాయి కానిది. మొక్క మారలేదు. దాని మీద పెట్టిన పేరు ఒక శతాబ్దంలో బోర్లాపడింది, అంతే.

ఆ చట్టం ప్రకారం, ఎండిన బరువులో మత్తునిచ్చే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతానికి మించకపోతే అది హెంప్. ఈ 0.3 ఏ వైద్యుడూ రోగిని పరీక్షించి తేల్చిన సంఖ్య కాదు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల వర్గీకరణ సౌలభ్యం కోసం గీసుకున్న గీత అది. ఆకుల్ని వేరుచేయడానికి అది చాలు. దాన్నే మిఠాయి బిళ్లలకు అన్వయిస్తే ఏమవుతుందో లెక్క వేయండి. 5 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 15 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో ఒక ప్రామాణిక మోతాదుగా ఇక్కడి జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థ నిర్ణయించినది 5 మిల్లీగ్రాములు. అంటే చట్టం 'గంజాయి కాదు' అని చెప్పిన ఒక్క బిళ్లలో మూడు మోతాదుల మత్తు ఉండవచ్చు. శాతం తూకానికి సంబంధించినది. దేహానికి తెలిసినది మోతాదు ఒక్కటే.

దేహం సంగతి చూద్దాం. మన మెదడులో సీబీ1 అనే గ్రాహకాలు విస్తారంగా ఉన్నాయి. జ్ఞాపకానికీ, కదలికల పొందికకూ సంబంధించిన భాగాల్లో మరీ ఎక్కువ. రోగనిరోధక కణాల్లో సీబీ2 గ్రాహకాలున్నాయి. వీటిని తాకడానికి దేహం తనంతట తానే కొన్ని అణువుల్ని తయారుచేసుకుంటుంది. 1992లో జెరూసలెంలో రఫాయెల్ మెషూలం బృందం అటువంటి అణువును వేరుచేసి, మన 'ఆనంద' శబ్దాన్నే తీసుకొని 'ఆనందమైడ్' అని నామకరణం చేసింది. సొంత ఆనందమైడ్ అవసరమైన చోట పుట్టి, పని ముగియగానే కరిగిపోతుంది. బయటినుంచి వచ్చిన టీహెచ్‌సీ అలా కాదు. గ్రాహకాలన్నిటినీ ఒక్కసారిగా పట్టుకొని గంటల తరబడి వదలదు. పొగగా పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే కాలేయం గుండా పోయి, అక్కడ మరింత బలమైన రూపం దాల్చి, గంట రెండు గంటల తరువాత గాని తెలియదు. "ఏమీ కాలేదే" అనుకొని రెండో బిళ్ల నోట్లో వేసుకునేది సరిగ్గా ఈ వ్యవధిలోనే. పెద్దవాళ్లకు అది భయం, వాంతి, గుండెదడ. మిఠాయి అనుకొని నోట్లో వేసుకున్న పసివాడికి స్పృహ తప్పే ప్రమాదం.

సీబీడీ దారి వేరు. అది మత్తునివ్వదు. ఆ కారణం చేతనే నిరపాయమన్న పేరు తెచ్చుకుంది. కాని మనం మింగే మందుల్లో చాలావాటిని విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైముల్ని అది అడ్డగిస్తుంది. అప్పుడు వార్ఫరిన్ వంటి మందు విరగవలసినంతగా విరగక రక్తంలో పేరుకుంటుంది. ఆ తల్లిగారి చిగుళ్ల నుంచి కారిన రక్తానికి మూలం అక్కడుంది. ఇదేమీ రహస్యం కాదు. ఇదే సీబీడీని 2018 జూన్‌లో ఇక్కడి ఔషధ నియంత్రణ సంస్థ, పిల్లల్లో వచ్చే రెండు అరుదైన మూర్ఛవ్యాధులకు ఎపిడియోలెక్స్ పేరుతో ఆమోదించింది. ఆ మందుతో వచ్చే పత్రంలో కాలేయపరీక్షలు చేయించాలని, ఫలానా మందులతో జాగ్రత్త అని స్పష్టంగా ఉంటుంది. అదే అణువు మందులషాపులో హెచ్చరికలతో వస్తుంది, కిరాణాకొట్టులో ఆకు బొమ్మతో వస్తుంది. ఈ ఒక్క తేడాను సమర్థించగల వాదన ఇంతవరకూ నాకు వినబడలేదు.

పోనీ, రాసిన కొద్దిపాటి మాటలైనా నిజమా? ఇంటర్నెట్‌లో కొన్న 84 సీబీడీ సరుకుల్ని పరీక్షించిన ఒక అధ్యయనం 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. లేబుల్ చెప్పినంత సీబీడీ ఉన్నవి మూడో వంతుకు లోపే. 18 సరుకుల్లో టీహెచ్‌సీ బయటపడింది. ఇక డెల్టా-8 అని అమ్మేది మరీ విచిత్రం. మొక్కలో అది లేశమాత్రం. సీసాలకు సరిపడా కావాలంటే సీబీడీని ద్రావకాల్లో ఆమ్లాలతో మార్చి ప్రయోగశాలలో తయారుచేయాలి. ఆ క్రమంలో అనుకోని పదార్థాలు కూడా పుడతాయి. అయినా లేబుల్ మీద అదే ఆకు, అదే 'సహజం'.

ఇప్పుడు ఓషానెస్సీ దగ్గరికి వద్దాం. అతడు మొదట జంతువుల మీద, తరువాత రోగుల మీద ప్రయోగించాడు. 1838 నవంబరులో కీళ్లవాపుతో ఉన్న ముగ్గురికి మధ్యాహ్నం రెండు గంటలకు ఒక గ్రెయిన్ చొప్పున గంజాయి జిగురు ఇచ్చాడు. నాలుగింటికి ఒకడు పాటలు పాడుతూ, అన్నం ఇంకా కావాలని కేకలు వేస్తూ, తనకు జబ్బే లేదన్నాడు. ఆరింటికి నిద్రలోకి జారాడు. ఎనిమిదింటికి స్పృహలో లేడు; చేతిని ఎలా పెడితే అలాగే నిలిచిపోతోంది. డాక్టరు కంగారుపడి ఆసుపత్రికి పరుగెత్తాడు. ముగ్గురిలో మరొకడికి మాత్రం ఏమీ కాలేదు. విచారిస్తే అతడు గంజాయి పీల్చే అలవాటున్నవాడని తేలింది. ఇవన్నీ ఓషానెస్సీ దాచకుండా రాశాడు. ఎంత ఇచ్చాడో, ఎన్నింటికి ఇచ్చాడో, ఎప్పుడు తెలిసిందో, ఎవరికి ఎలా వేరుగా ఉన్నదో, తానెంత భయపడ్డాడో కూడా. గ్రాహకాల మాటే ఎరగని కాలంలో అతడు పాఠకుడికి ఇచ్చిన గౌరవం ఇది. అన్నీ తెలిసిన కాలంలో మన లేబుల్ ఇవ్వనిదీ ఇదే.

దీనికి మనవాళ్ల నుంచి వచ్చే జవాబులు నాకు తెలుసు. అథర్వవేదంలో భంగ ప్రస్తావన ఉన్నదంటారు. ఉండనివ్వండి, వేదం పేరు చెప్పింది గాని వార్ఫరిన్‌తో కలిపి వాడమనలేదు. సహజమంటారు. ఉమ్మెత్తకాయ కన్నా సహజమైనదేముంది? సారాయి, సిగరెట్లు బాహాటంగా అమ్ముతుంటే దీని మీదనే ఎందుకు కక్ష అంటారు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. సారాయి తాగేవాడికి తాను తాగేది సారాయి అని తెలుసు. సీసా మీద దాని బలం రాసి ఉంటుంది. ఎవరూ దాన్ని ద్రాక్షరసమని తల్లికి పట్టించరు.

నేను నిషేధం కోరడం లేదు. దీర్ఘకాలపు నొప్పితో నలిగేవారి కష్టం రోజూ చూసేవాణ్ణి. వారిలో కొందరికి ఈ అణువుల వల్ల ఉపశమనం ఉండవచ్చుననీ ఒప్పుకుంటాను. నేను కోరేది మోతాదు నిజంగా రాయమని; ఎలా తయారైందో చెప్పమని; ఏ మందులతో పడదో పెద్ద అక్షరాల్లో వేయమని. 2025 నవంబరులో అమెరికా కాంగ్రెస్ హెంప్ నిర్వచనాన్ని తిరగరాసి, ఏడాది గడువుతో, అమ్మే ప్రతి డబ్బాలో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములకు మించరాదన్నది. శాతం విడిచి మిల్లీగ్రాములకు రావడానికి చట్టానికి ఏడేళ్లు పట్టింది. అయినా దాని చూపు మత్తు మీదనే ఉంది, కాలేయం మీద లేదు. టీహెచ్‌సీ లేని సీబీడీ సీసా ఆ గీత దాటదు. వార్ఫరిన్ మాట లేకుండా రేపు కూడా అది అదే అరలో అమ్ముడుపోతుంది.

కనుక చట్టం వచ్చేదాకా ఆగకుండా మన ఇంట్లో మనం చేయగలిగింది చేయాలి. వచ్చే అమ్మానాన్నలకు, అత్తమామలకు దాన్ని జనపనార అనకండి. అది గంజాయి మొక్క నుంచి తీసిన మందు అని చెప్పండి. ఆ మాట వింటే ఆవిడ ఆ సీసా ముట్టుకునేవారు కాదు. కనీసం నేను అడిగినప్పుడు "లేదు బాబూ" అనకుండా ఉండేవారు.