నగదు వ్యాన్‌లో తుపాకీకి తుప్పు: వాన కన్నా ఏసీ, కవర్లతోనే ఎక్కువ ముప్పు

ఏటీఎంలో డబ్బు నింపే వ్యాన్ వచ్చిందంటే మిమ్మల్ని కాసేపు పక్కకు జరగమంటారు. పెట్టెతో ఇద్దరు లోపలికి వెళ్తారు, గన్‌మన్ తలుపు దగ్గర నిలబడతాడు. ఈసారి ఆయన భుజానికి వేలాడే తుపాకీని దూరం నుంచే ఒకసారి గమనించండి. గొట్టం చివర, ట్రిగ్గర్ చుట్టూ, కట్టె, ఇనుము కలిసేచోట ఇటుక రంగు మరకలు కనిపిస్తే, దాన్ని చాలాకాలంగా ఎవరూ సరిగ్గా శుభ్రం చేయలేదని అర్థం.

అది మనకెందుకు అనుకోవచ్చు. నగదు రవాణాపై కేంద్ర హోంశాఖ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి వ్యాన్‌లో డ్రైవరు, నగదు సిబ్బంది ఇద్దరితో పాటు ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి. ఆ తుపాకీల అవసరం ఎంతో 2025 జనవరి 16న బీదర్‌లో తెలిసింది. ఏటీఎం నగదు తీసుకెళ్తున్న సిబ్బందిపై బైక్‌పై వచ్చిన దుండగులు నడిరోడ్డు మీద కాల్పులు జరిపారు. ఒకరు చనిపోయారు. నిందితులు ఆ డబ్బుతో హైదరాబాద్ చేరి, అఫ్జల్‌గంజ్‌లోనూ కాల్చారు. ఇలాంటి చోట ఆయుధం చేతిలో ఉండటం ఒక్కటే సరిపోదు, అది పనిచేయాలి. పనిచేయకూడని సమయంలో పేలకుండానూ ఉండాలి.

బండిలో అసలు ఏం జరుగుతుంది?

తుప్పు అనగానే మనకు వాన గుర్తొస్తుంది. నిజానికి వానలో తడిసిన తుపాకీకి అంత ప్రమాదం లేదు. తడిసిందని కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు తుడుస్తారు. కనిపించని చెమ్మతోనే చిక్కు.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బయట పెడితే చెమర్చడం మీరు చూసే ఉంటారు. తుపాకీ గొట్టానికీ అదే జరుగుతుంది. విశాఖలో ఓ వానాకాలపు పగలు ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉందనుకుందాం. ఆ గాలిలో 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. ఏసీ వ్యాన్‌లో గంటసేపు ఉన్న రైఫిల్ 24 డిగ్రీలకు చేరుతుంది. గార్డు తలుపు తీసి దిగగానే ఇనుమంతా సన్నటి నీటిపొర. ఐదు నిమిషాల్లో మళ్లీ ఎక్కుతాడు, తుపాకీ కవర్లోకి వెళ్తుంది. తర్వాతి ఏటీఎం దగ్గర మళ్లీ ఇదే తంతు. రోజుకు పది పదిహేను చోట్ల ఆగే బండిలో ఆయుధం అన్నిసార్లు తడుస్తుంది.

ఏసీ లేని వ్యాన్ నయమా అంటే, అదీ కాదు. ఎండలో నిలిపి తలుపులు మూస్తే గంటలో లోపలి వేడి బయటికంటే సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. తడి రెయిన్‌కోటు, బురద అంటిన రబ్బరు మ్యాటు, చెమట పట్టిన సీటు కవరు, అన్నింట్లోని నీరూ ఆవిరై ఆ గదిలోనే తిరుగుతుంది. రాత్రి బండి చల్లబడ్డాక ఆ ఆవిరి వెళ్లి కూర్చునేది ఇనుము మీదే.

సాధారణంగా గాలిలో తేమ 60 శాతం దాటితే ఉక్కుకు తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. సముద్రం దగ్గర ఉప్పు కూడా తోడవుతుంది కాబట్టి విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇంకా ముందే మొదలవుతుంది. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది. పాత తుపాకీల మీద సరిగ్గా వేళ్లు పట్టుకునే చోటే తుప్పు కనిపించడానికి కారణం అదే.

ఇక కవరు. రెగ్జిన్, కాన్వాస్, తోలు, లోపల స్పాంజి ఉన్న పెట్టె... ఏదైనా సరే చెమ్మ పీల్చి దాచుకుంటుంది. తోలు శుద్ధిలో వాడే లవణాలు కొన్ని అందులోనే మిగిలి ఉంటాయి. తడి కవర్లో తుపాకీ పెట్టి జిప్పు వేయడమంటే తడి బట్టలో మేకు చుట్టి పెట్టినట్టే. బహిరంగంగా తిరిగేటప్పుడు మాత్రం లైసెన్సుదారు ఆయుధాన్ని కవర్లోనో హోల్‌స్టర్‌లోనో ఉంచాలని 2016 ఆయుధాల నిబంధనలు చెబుతున్నాయి. ప్రయాణం వరకు కవరు తప్పదు. డ్యూటీ అయ్యాక కూడా తుపాకీని అందులోనే వదిలేయడం మాత్రం నిబంధన కాదు, బద్ధకం.

తుప్పు పడితే నష్టమేంటి?

పైపైన పట్టిన తుప్పు నూనె గుడ్డతో పోతుంది. భయపడాల్సింది లోపలి తుప్పుకు. తూటా కూర్చునే గదిలో చిన్న గుంటలు పడితే, పేలిన తూటా ఖాళీ గొట్టం అక్కడే బిగుసుకుపోవచ్చు. అది బయటికి రాకపోతే రెండో తూటాకు చోటుండదు. సుత్తిలా కొట్టే పిన్నుకు, స్ప్రింగుకు తుప్పు, జిడ్డు పడితే దెబ్బ బలహీనపడి తూటా పేలదు. ట్రిగ్గర్ భాగాలు, సేఫ్టీ మొరాయించడం వీటన్నింటికంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు ముప్పు దొంగకు కాదు, క్యూలో నిలబడ్డ మనకు.

గన్‌మన్ల దగ్గర ఎక్కువగా కనిపించే 12 బోర్ డబుల్ బ్యారెల్‌లో ఇంకో చిక్కుంది. కట్టె నీరు పీలుస్తుంది. దాని కింద దాగిన ఇనుము బయటికి కనిపించదు. పైన నిగనిగలాడుతున్న తుపాకీ లోపల తుప్పుతో నిండి ఉండటం అరుదేమీ కాదు. ఇన్సాస్ రైఫిల్ గొట్టం లోపల క్రోమ్ పూత ఉంటుంది కాబట్టి అక్కడ కొంత రక్షణ. మిగతా భాగాలకు ఆ భాగ్యం లేదు.

ఏం చేస్తే ఆగుతుంది?

ఖర్చు పెద్దగా లేదు, క్రమం తప్పకపోవడమే కష్టం. ముందుగా తూటాలన్నీ తీసేసి, గది ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోవాలి. డ్యూటీ నుంచి వచ్చాక తుపాకీని కవర్లోంచి తీసి, గది వేడికి వచ్చేదాకా కాసేపు ఆరనివ్వాలి. చల్లగా ఉండగానే నూనె రాస్తే నీటిబొట్లు ఆ నూనె కిందే చిక్కుకుంటాయి. ఆరాక పొడి గుడ్డ, తర్వాత తుపాకీ నూనె పలచగా, చెయ్యి తగిలితే జిడ్డు తెలిసీ తెలియనట్టుగా ఉంటే చాలు.

నూనె ఎక్కువ రాస్తే మంచిదన్న నమ్మకం చాలామందికి ఉంది. అది తప్పు. మన రోడ్ల దుమ్ము ఆ నూనెకు అంటుకుని గరుకు ముద్దలా తయారవుతుంది. గొట్టంలో నూనె నిలిచి ఉండగా కాల్చడం ప్రమాదకరం. నూనె తూటాల్లోకి ఇంకితే అవి పేలకపోవచ్చు కూడా. కొబ్బరి నూనె రాసేవాళ్లూ ఉన్నారు. చలికాలంలో గడ్డకట్టే నూనెను స్ప్రింగుల మధ్య పోయడం ఎంతవరకు మేలో మీరే ఆలోచించండి. తుప్పు వదిలించే స్ప్రేలు తడిని తరిమేస్తాయి గానీ, చాలా రకాల్లో మిగిలే పొర ఎక్కువ కాలం నిలవదు.

బండిలో తుపాకీ పెట్టే పెట్టెలో సిలికా జెల్ సంచులు వేస్తే ఉపయోగం ఉంటుంది. అయితే పెట్టె గట్టిగా మూతపడాలి, సంచులు మార్చుతూ ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగులోకి మారాయంటే వాటి పని అయిపోయినట్టే. వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. ఏడాదిగా మార్చని సంచి ఉన్నా లేనట్టే.

ఈ పని ఎవరిది?

పోలీసుల్లో ఆయుధాలకు ఆర్మరీ ఉంటుంది, వాటిని చూసే ఆర్మరర్ ఉంటాడు, తీసుకున్నప్పుడూ తిరిగి ఇచ్చినప్పుడూ రిజిస్టరులో సంతకం ఉంటుంది. ప్రైవేటు భద్రతలో చాలాచోట్ల గన్‌మన్ తన పేరిట లైసెన్సు ఉన్న సొంత తుపాకీతోనే ఉద్యోగంలో చేరతాడు. తుపాకీ ఆయనది కాబట్టి నూనె, గుడ్డ, రిపేరు ఖర్చూ ఆయన మీదే పడుతుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి ఇంటికెళ్లిన మనిషి రోజూ అరగంట తుపాకీ ముందు కూర్చోవాలని ఆశించడం, ఆ అరగంటకు జీతం ఇవ్వకపోవడం రెండూ కుదరవు. ఆయుధం పేరు చెప్పి బ్యాంకు నుంచి ఏజెన్సీ డబ్బు తీసుకుంటున్నప్పుడు, దాని నిర్వహణ ఖర్చును, ఏడాదికోసారి తనిఖీని కాంట్రాక్టులోనే రాయించడం బ్యాంకు బాధ్యత. మీ అపార్ట్‌మెంట్ సంఘం గన్‌మన్‌ను పెట్టుకుంటుంటే మీకూ ఇదే వర్తిస్తుంది. లైసెన్సు కాపీతో పాటు తుపాకీని చివరిసారి డీలరుకు ఎప్పుడు చూపించారో అడగండి.

రిపేరు అంటే వీధి చివరి మెకానిక్ కాదు. ఆయుధాల రిపేరుకు ప్రత్యేక లైసెన్సు ఉన్నవారే చేయాలి. లోపలి తుప్పును వాళ్లకే వదిలేయడం మంచిది.

సొంత తుపాకీ ఉన్నవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. తుప్పు వదిలించాలని కొందరు గరుకు కాగితం పట్టి రుద్దేస్తారు. దాంతో నల్లటి పూత పోయి, ఆ చోట ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు తుపాకీ మీద చెక్కిన నంబరుతో. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆ నంబరును చెరిపేయడం నేరం. చెరిగిపోయిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే, వాళ్లే చెరిపారని చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. అందుకే నంబరున్న చోట గరుకు కాగితం వాడొద్దు, నూనెలో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. అక్కడ అప్పటికే గట్టి తుప్పు ఉంటే దాన్ని ముట్టుకోకుండా, లైసెన్సు కాగితం వెంట పెట్టుకుని లైసెన్సున్న డీలరు దగ్గరికే వెళ్లండి.