కూడెవులొండినారు?

2008 మార్చిలో ఒక సదస్సు కోసం లండన్ వెళ్లాను. స్నేహితురాలు పట్టుబడితే రాయల్ ఆల్బర్ట్ హాల్లో జాన్ మిషెల్ జార్ కచేరీ చూశాను. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఫ్రాన్స్ దేశపు పెద్ద పేరు. 1976లో ఆయన చేసిన 'ఆక్సిజెన్' ఆల్బం లక్షల్లో అమ్ముడుపోయింది. ముప్ఫై ఏళ్లు దాటాక ఆ ఆల్బం మొత్తాన్నీ అప్పటి పాత సింథసైజర్ల మీదే వాయిస్తున్నాడు. వేదిక మీద నలుగురూ మగవాళ్లే. వాళ్ల తలల పైన పెద్ద అద్దం వాల్చి పెట్టారు. ఏ వేలు ఏ మీట నొక్కుతోందో ఎక్కడో వెనక కూర్చున్న నాకు కూడా కనబడింది.

సంగీతం బాగుంది, కాదనను. ఉద్దానం సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఆ హోరు నాకు కొత్త కాదు. బయటికొస్తూ స్నేహితురాలు మురిసిపోతూ చెప్పింది: "ఈ ఆల్బం ఆయన వాళ్లింటి వంటగదిలో రికార్డు చేశాడు, తెలుసా?"

నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆయన ఇంట్లో ఎవరు వండారన్నది నాకక్కర్లేదు. ఈ కథని ఇన్నేళ్లుగా అబ్బురంగా చెప్పుకుంటున్న వాళ్లెవరికీ ఆ ప్రశ్న తట్టకపోవడమే నా బాధ. మగవాడు యంత్రాలు తెచ్చి పెడితే వంటగది స్టూడియో అవుతుంది. అదే గదిలో ఆడది పాడుకుంటే అది పనిపాట.

అదే పారిస్‌లో ఎలియాన్ రాదిగ్ అనే ఆవిడ ఉండేది. జార్ లాగే పియెర్ షెఫర్ దగ్గర పాఠాలు నేర్చింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది. పియెర్ ఆన్రీకి సహాయకురాలిగా ఆయన టేపుల పని చేసింది. 1970ల మొదట్లో న్యూయార్క్ నుంచి సింథసైజర్ తెచ్చుకుంటూ దాని కీబోర్డుని మాత్రం అక్కడే వదిలేసింది. అలవాటైన స్వరాల దారి ఆమెకి వద్దు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని దశాబ్దాలపాటు నెమ్మదిగా మారే ధ్వనులతో గంటల నిడివి రచనలు చేసింది. ఆవిడా ఇంట్లోనే చేసింది, ఈయనా ఇంట్లోనే చేశాడు. పురాణం మాత్రం ఆయనకే పుట్టింది. ఆవిడ పేరు నలుగురి నోటా పడేసరికి ముసలితనం వచ్చేసింది.

పారిస్ సంగతి ఎందుకంటారా? పలాస సంగతి చెప్పడానికే.

తొంభైల్లో నా పరిశోధన కోసం పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల పాటలు క్యాసెట్లకి ఎక్కించాను. జీడి రసానికి వేళ్ల తోలు ఊడిపోతుంటే బూడిద రాసుకుంటూ పాడారు. వాళ్లలో ఒకామె నాకు పెద్దమ్మ వరస. తర్వాత ఆ పాటలతో పుస్తకం వేశాను. అట్ట మీద నా పేరు. లోపల ఆమె పాట కింద 'పాడినది: జీడి కార్మికురాలు, పలాస' అని ఉంటుంది.

లండన్ నుంచి వచ్చాక పెద్దమ్మకి ఆ కచేరీ కథంతా చెప్పాను. వంటగది మాట రాగానే నవ్వింది. "వంటింట్లోనేటి? మరి కూడెవులొండినారమ్మీ?"

అన్నేళ్ల పొగడ్తల్లో ఎవరూ అడగని ప్రశ్న ఆమెకి ఒక్క క్షణంలో తట్టింది. అక్కడితో ఆగలేదు. "నీ పొత్తకంలో నా పాటున్నాది గదా, నా పేరు నేదేటి?"

మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. జానపదానికి కర్త ఉండడు, అది సమష్టి సృష్టి అంటాం. నేనూ ఆ పాఠం చెప్పినదాన్నే. పాట ఎవరు కట్టారో తెలియకపోవచ్చు. ఫలానా రోజు, ఫలానా పాకలో, ఎండిన గొంతుతో పాడిందెవరో నాకు తెలుసు కదా! తెలిసీ రాయలేదు. అదే పాటకి ఒక మగ గాయకుడు కీబోర్డు తగిలించి పాడితే అట్ట మీద అతని ఫోటో వేస్తారు. అప్పుడు ఈ సమష్టి సిద్ధాంతం ఎవరికీ గుర్తు రాదు. పితృస్వామ్యం చరిత్రని మింగేసిందని ఇలాంటి పత్రికల్లో రాసే మనమే, చదువుకోని ఆడవాళ్ల విషయంలో ఆ పని చేశాం. 'సేకరణ' అని దానికో గౌరవమైన పేరు కూడా పెట్టుకున్నాం.

రెండో ముద్రణలో సరిచేస్తానని పెద్దమ్మకి మాటిచ్చాను. రెండో ముద్రణ రాలేదు, నేనూ తొందరపడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడి తోటల్నీ కొబ్బరి తోటల్నీ కూల్చేసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పెద్దమ్మ ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళుతోంది. ఒక్క చరణం పాడేసరికి ఆయాసపడుతోంది. మన సవరణలు తీరిగ్గా చేసుకుందామంటే ఉద్దానం ఆగదు.

అందుకని నాతో కలిపి అందరికీ చెబుతున్నాను. మీ పాత క్యాసెట్లు బయటికి తీయండి. ఎవరి గొంతో గుర్తుపట్టి వాళ్లింటికి వెళ్లండి. పేరు వేయమంటారేమో అడగండి, వేయండి. పుస్తకం మీద డబ్బొస్తే వాటా ఇవ్వండి.

ఇక్కడ మాత్రం పెద్దమ్మ పేరెందుకు రాయలేదంటారా? ఆమె అడిగింది పుస్తకంలో పేరు. తన జబ్బు గురించి రాసిన వ్యాసంలో కాదు. ఈ ఆదివారం టెక్కలిలో బస్సెక్కుతున్నాను. సంచిలో ఆ క్యాసెట్ ఉంది, కొత్త అట్ట నమూనా ఉంది. అందులో ఆమె పేరు పైన ఉంది, నాది కింద.