రంగు అద్దుకున్నాక...

2015 నవంబరు 13న పారిస్‌లో ఉగ్రదాడి జరిగింది. ప్రొఫైల్ ఫొటోకు ఫ్రెంచి జెండా రంగులు అద్దుకునే వీలు ఫేస్‌బుక్ కల్పిస్తే, మనవాళ్లూ చాలామంది అద్దుకున్నారు. ఆ దుఃఖం నిజమైనదే, తప్పుపట్టను. కానీ అదే వారంలో నెల్లూరు తీరం వానలకు మునిగింది, గూడూరు దగ్గర జాతీయ రహదారి మీద నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి. మన మునకకు ఏ రంగూ లేదు. రంగు లేదని కాదు నా బాధ, రంగుంటేనే చూపు తిరగడం నా బాధ. మద్దతంటే ఏమిటో నెల్లూరు జిల్లా 1992లోనే చూపింది. దూబగుంట ఆడవాళ్లు సొంత ఊళ్లో, తెలిసిన మగవాళ్లకే ఎదురు నిలిచి సారా ఆపించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమల్లోకి వచ్చింది. డీపీ మార్చడానికి అంత తెగువ అక్కర్లేదు. ఇంట్లోనో ఆఫీసులోనో మాట పడతామని తెలిసీ మార్చినవాళ్లకు మాత్రం నమస్కరిస్తాను, అది వేరే లెక్క. మిగిలినవాళ్లం ఒక్క పని చేద్దాం. ఈసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు డీపీ మార్చండి, కాదనను. మార్చాక, తీరంలో మీకు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, అడిగింది పంపండి.