ప్రింటర్ మెమరీలో మన హర్ఫ్‌లకు జాగా ఏదీ?

మన ఇళ్లలోంచి రోజూ హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి సాఫ్ట్‌వేర్ పనికి వెళ్లే నౌజవాన్లతో ప్రింటర్ గురించి ఒక మాట చెప్పాలి. అది మన జుబాన్ హక్‌కు సంబంధించిన మాట.

ప్రింటర్ లోపల కొన్ని ఫాంట్లు ముందే ఉంటాయి. ఆ ఫాంట్‌లో పేజీ పంపితే కంప్యూటర్ 'ఈ జాగాలో ఈ హర్ఫ్' అని చెబితే చాలు, గీసే పని ప్రింటర్ చూసుకుంటుంది. ఫైలు తేలికవుతుంది. రెండు పేజీలకైతే ఫరక్ తెలియదు. యాభై వేల బిల్లులు వేసేటప్పుడు తెలుస్తుంది.

మరి ఆ ఫాయిదా ఎవరికి? 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ 13 ఫాంట్లతో వచ్చింది. మరుసటి ఏడాది లేజర్‌రైటర్ ప్లస్‌లో అవి 35 అయ్యాయి. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లకు అదే రివాజు అయింది. ఆ 35లో తెలుగు లేదు, ఉర్దూ లేదు. మన హర్ఫ్‌లు ముసాఫిర్ల లెక్క ప్రతిసారీ సామాను మోసుకుని పోవాల్సిందే. కొన్నిచోట్ల పేజీ మొత్తాన్ని తస్వీర్‌గా మార్చి పంపుతారు. ఫైలు ఇంకా బరువెక్కుతుంది.

నస్తలీఖ్‌ది మరీ ముష్కిల్. పక్క హర్ఫ్‌ను బట్టి రూపం మారుతుంది, లఫ్జ్ ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఛత్తా బజార్ కాతిబ్‌లు షాదీ రుఖాల కోసం చేత్తో చేసిన మెహనత్ అదే. నూరీ నస్తలీఖ్ ఫాంట్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల జోడింపులు రాయాల్సి వచ్చింది.

'టైం లేదు, ఇంగ్లీషులోనే వేసేద్దాం' అనడం ఆఫీసులకు ఆసాన్. 2017లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ఒప్పుకుంది. కానీ అమ్మీ చేతికొచ్చే కాగితం ఆమె చదవగలిగే జుబాన్‌లో లేకపోతే ఆ హక్ ఎందుకు?

ఇలాజ్ ఉంది. పెద్ద ప్రింటర్లలో చాలావాటికి డిస్కో, ఫ్లాష్ మెమరీయో ఉంటుంది. లైసెన్స్ చూసుకుని తెలుగు, నస్తలీఖ్ ఫాంట్లను ఒకసారి అందులో ఎక్కించండి. ఒత్తులు, జోడింపులు కుదిర్చే పని కంప్యూటర్‌లోనే కానివ్వండి. అది కుదరకపోతే వెయ్యి చిన్న ఫైళ్లను ఒకే జాబ్‌గా కలిపి, ఫాంట్‌ను ఒక్కసారే పంపండి. ముందు వంద పేజీలు వేసి, చదివి చూడండి. పైనున్న నుక్తా కిందికి జారితే ఖుదా కాస్తా జుదా అవుతుంది!

సర్కారు ప్రింటింగ్ టెండర్లలో ఈ రెండు జుబాన్ల ఫాంట్లు షర్తుగా ఉండాలి. ఆఫీసులో ఆ మాట ముందు ఎత్తాల్సింది మాత్రం మీరే.